బీపీ రోజుకో అంకె చూపిస్తుంటే పట్టించుకోవాలా?

మీ నాన్నగారికి ఇంట్లో చూస్తే బీపీ పై అంకె ఒకరోజు 126, మరునాడు 158 ఉంటోందని, సగటు బాగానే ఉంది కాబట్టి ఫరవాలేదని బంధువులు అంటున్నారని, అది నిజమేనా అని అడిగారు. కంగారు పడనక్కరలేదన్నంత వరకు నేనూ ఒప్పుకుంటాను గాని, సగటు బాగుందన్న కారణాన్ని మాత్రం ఒప్పుకోలేను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు ఎం.వి.పి. కాలనీలో మా ఇంటి ముందున్న వేపచెట్టును వేళ్లతో సహా పెకలించినది ఆ ఒక్కరోజు గాలే గాని, ఆ ఏడాది సగటు గాలి కాదు.

నాకు పదకొండేళ్లుగా రక్తపోటు ఉంది. మూడు నెలలకోసారి చూపించుకున్నప్పుడల్లా పై అంకె 130కి అటూ ఇటూగా ఉండేది. ఇంట్లో మిషను కొన్న తరువాత అప్పుడప్పుడు 170 దాటడం మొదలైంది. మొదట మిషనునే తిట్టుకున్నాను, తరువాత మా అబ్బాయి చదువు ఖర్చును అనుమానించాను. చివరకు డాక్టరు గారు చేతికి పట్టీ, నడుముకు డబ్బీ కట్టి ఇరవై నాలుగు గంటల పరీక్ష పెట్టించారు. పగలు అరగంటకోసారి, రాత్రి గంటకోసారి ఆ పట్టీ దానంతట అదే బిగుసుకుంటుంది, ఆ సమయంలో చేయి కదపకుండా ఉండాలి.

అది శనివారం. పట్టీ కట్టించుకుని నేరుగా రైతు బజారుకు వెళ్లాను. సరిగ్గా వంకాయలు ఏరుతుండగా డబ్బీ గుర్రుమని, ఎడమ చేయి బిగుసుకుంది. వంకాయ పట్టుకున్న చేయి అలాగే కిందికి వేలాడదీసి కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. కూరగాయలమ్మే ఆమె భయపడి, "అదేటి బాబూ, అలా గుర్రుమంటంది?" అని త్రాసు కింద పెట్టేసింది. బీపీ చూసే మిషనని చెప్పగానే ఆమె భయం పోయి, అది ఎంత చూపించిందో చెప్పేదాకా డబ్బులు పుచ్చుకోలేదు. ఆ డబ్బీ మీద అంకె కనబడదని ఆమెను నమ్మించడానికి మరో అయిదు నిమిషాలు పట్టింది.

మరునాడు కాగితం చూస్తే, నిద్రలో పగటికన్నా కనీసం పది శాతం తగ్గవలసిన పోటు నాకు దాదాపు తగ్గలేదు, ఆదివారం ఉదయం ఆరు గంటలకు 176కు లేచింది. "నిన్న మాత్ర వేసుకున్నారా?" అని డాక్టరు గారు అడిగారు. "శనివారం కదండీ, ఒక్కపొద్దు. పరగడుపున మాత్ర ఎందుకని వేసుకోలేదు" అన్నాను. ఆయన ఏమీ అనకుండా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇంటికి వచ్చాక మా శ్రీమతి గోడ మీది క్యాలెండరు దించింది. ఇంట్లో చూసిన అంకెలన్నీ నేను ఆ గళ్లలోనే రాసేవాడిని. 160 దాటిన వాటికి ఆమె ఎర్ర సిరాతో సున్నా చుట్టుకుంటూ పోతే, ఆరు వారాల్లో చుట్టిన తొమ్మిది సున్నాల్లో ఎనిమిది శనివారం సాయంత్రానికీ ఆదివారం ఉదయానికీ పడ్డాయి. అప్పటికి నేను వాడుతున్నది అటెనలాల్. దాని పట్టు ఒంట్లో త్వరగా సడలిపోతుంది. రోజుకొకటి వేసుకునే మాత్రను ఒక్కరోజు మానేస్తే రెండు మాత్రల మధ్య నలభై ఎనిమిది గంటల ఎడం వస్తుంది, పైగా ఆ జాతి మందు హఠాత్తుగా ఆగితే పోటు, గుండె వేగం ఎదురు తిరుగుతాయి. మంచినీళ్లతో మాత్ర మింగితే ఒక్కపొద్దు చెడదని మా పురోహితుడు గారు కూడా చెప్పాక గాని నాకు ధైర్యం రాలేదు.

ఈ హెచ్చుతగ్గులు ఉత్త అంకెల ఆట కాదు. 2010లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పీటర్ రాత్‌వెల్ బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించిన పరిశోధనల ప్రకారం, ఒకసారి చూపించుకున్నప్పటికీ మరోసారికీ మధ్య పై అంకె ఎక్కువగా ఊగేవారికి, సగటు ఎంత ఉన్నప్పటికీ, పక్షవాతం ముప్పు ఎక్కువగా ఉంది. అదే వరుసలో, అమ్లోడిపిన్ అనే మరో బీపీ మందు వాడినవారిలో అటెనలాల్ వాడినవారికన్నా ఈ ఊగిసలాట తక్కువని, పక్షవాతాలు కూడా తక్కువని తేలింది. వయసుతో రక్తనాళాలు బిరుసెక్కి, మెడలో పోటును కనిపెట్టి సర్దుబాటు చేసే నరాల చురుకుదనం తగ్గినప్పుడు ఊపు పెరుగుతుంది, ఆ ఊపు మళ్లీ నాళాల గోడలనే దెబ్బ తీస్తుంది. నా మాత్రను డాక్టరు గారు అమ్లోడిపిన్‌కు మార్చారు. అది నెమ్మదిగా ఒంటికి పట్టి చాలాసేపు నిలుస్తుంది. ఇది చదివి మీ నాన్నగారి మందును మీ అంతట మీరు మార్చకండి.

అయితే 158 నిజమైన 158 అవునో కాదో ముందు తేల్చుకోవాలి. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బల్ల వేసుకుని బీపీ చూసేవారున్నారు. గబగబా నడిచి వచ్చి, ఆయాసం తీరకుండానే చేయి చాపేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక క్లినిక్‌లో అయితే నేను ఫోను నంబరు చెబుతుండగానే చొక్కా మీద పట్టీ చుట్టేసి, 164 అని చీటీ మీద రాసేశారు. అయిదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి కూర్చోవాలి. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. అంతకు ముందు అరగంటలో కాఫీ, చుట్ట ఉండకూడదు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువే వస్తుంది. నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోవాలి.

వారం రోజులు ఉదయం మాత్రకు ముందూ, రాత్రి పడుకునే ముందూ అలా చూసి, ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. కూర్చున్నప్పుడు చూసి, నిలబడిన మూడు నిమిషాల లోపు మళ్లీ చూడండి. పై అంకె 20 పాయింట్లు పడిపోతే అది కూడా చెప్పాలి. తేదీ పక్కన వారం పేరు కూడా రాయించండి, మీ నాన్నగారు ఏ వారం ఒక్కపొద్దు ఉంటారో నాకు తెలియదు గదా.