ఆ పళ్ళ డాక్టరు చీటీ వెతకండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. నా భార్య వయసు 52. ఏడాదిన్నరగా కుడి చెంపలో కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి. పంటి నొప్పి అనుకుని రెండు దవడ పళ్ళు తీయించాం, తగ్గలేదు. ఇప్పుడు ఎడమ వైపే నములుతుంది, గాలి తగిలితే నొప్పి వస్తుందని బయటికి వెళ్ళినా చెంగు ముఖానికి చుట్టుకుంటుంది. అది ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే ముఖానికి వెళ్ళే నరం వల్ల వచ్చే నొప్పి అని న్యూరాలజిస్టు చెప్పారు. మూడు వారాల క్రితం తీసిన ఎమ్మారైలో రక్తనాళం నరాన్ని ఒత్తుతున్నట్టు తేలింది. కార్బమజిపైన్ మాత్రలతో నొప్పి తగ్గినా మత్తుగా ఉండి అడుగు తూలుతోంది. ఆపరేషన్‌కు మూడున్నర లక్షలవుతుందన్నారు. 27 నెలల క్రితం తీసుకున్న 5 లక్షల ఆరోగ్య బీమా, బ్యాంకులో 4 లక్షల డిపాజిట్ ఉన్నాయి. బీమా మూడేళ్ళు నిండితేనే వర్తిస్తుందని బంధువులు అంటున్నారు. తొమ్మిది నెలలు ఆగాలా, ఆనందపురంలోని స్థలం అమ్మాలా?

జవాబు: రెండూ వద్దు. ముఖ్యంగా ఆగవద్దు.

మీ బంధువులు చెప్పిన మూడేళ్ళ గడువు, పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బుల కోసం పెట్టింది. మీ పాలసీ వయసు 27 నెలలు, నొప్పి వయసు 18 నెలలు. పాలసీకి ముందు మూడేళ్ళలో ఈ నొప్పికి ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళకపోయి ఉంటే ఇది ముందునుంచీ ఉన్న జబ్బు కిందికి రాదు. కొన్ని జబ్బులకు విడిగా మరో గడువు ఉంటుంది. ఆ జాబితా పాలసీ పత్రంలోనే ఉంటుంది, ఒకసారి చూడండి.

దీనికి రుజువు మీ ఇంట్లోనే ఉంది. మొదటిసారి పంటి నొప్పి అని వెళ్ళినప్పటి చీటీ, పళ్ళు తీసిన రసీదు, ఎక్స్‌రే కవరు. తేదీ ఉన్న ఏ కాగితమైనా సరే. ఆసుపత్రిలో చేరేటప్పుడు 'ఎన్నాళ్ళ నుంచి?' అని అడుగుతారు. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలో కంగారులో ఎవరో 'నాలుగైదేళ్ళ నుంచి' అనేశారు. కేసు షీటులో అదే రాశారు, క్లెయిము తిరస్కరణకు గురైంది. నెలలపాటు తిరిగారు పాపం. మీరు చీటీ చూసి సరైన తేదీ చెప్పండి. నొప్పి నిజంగానే పాలసీకి ముందు ఉంటే మాత్రం దాచవద్దు. దాచారని తేలితే పాలసీకే ముప్పు.

ఇక చికిత్సల సంగతి. వాటిలో ఏది ఆమెకు సరిపోతుందో చెప్పాల్సింది న్యూరోసర్జన్. ఖర్చు ఎలా పడుతుందో నేను చెబుతాను. రక్తనాళాన్ని నరం నుంచి వేరుచేసే మైక్రోవాస్క్యులర్ డీకంప్రెషన్‌కు పుర్రె తెరవాలి, కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి. ఖర్చు ఒకేసారి పెద్దది, కానీ ఎక్కువ కాలం ఉపశమనం ఇచ్చేది ఇదే. సూదితో చేసే రేడియోఫ్రీక్వెన్సీ, బెలూన్ పద్ధతుల్లో చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వచ్చేస్తారు, ఖర్చూ తక్కువే. అయితే చెంప మొద్దుబారవచ్చు, కొన్నేళ్ళకు నొప్పి తిరిగి వస్తే మళ్ళీ చేయించాలి. కోత లేకుండా నరం మీదికి రేడియేషన్ పంపే గామా నైఫ్ ఫలితం తెలియడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఇలాంటి రేడియో సర్జరీలకు బీమా వర్తించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది, కానీ కంపెనీలు ఉపపరిమితి, అంటే ఆ చికిత్స వరకు ఇంతకు మించి ఇవ్వమనే హద్దు పెట్టవచ్చు. మీ పాలసీలో అది ఎంతో అడగండి. రెండో అభిప్రాయానికి మీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో న్యూరోసర్జరీ విభాగం ఉంది. ఇంత పెద్ద ఆపరేషన్ ముందు ఆ ఒక్క పూట వెచ్చించడం తప్పనిసరి అంటాను.

గది అద్దె దగ్గర జాగ్రత్త. పాలసీలో రోజుకు 5,000 పరిమితి ఉండి మీరు 8,000 గది తీసుకుంటే, కోత గది అద్దెతో ఆగదు. సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీల వంటివాటికీ అదే నిష్పత్తిలో, ఎనిమిది రూపాయలకు ఐదే ఇస్తారు. అవి 2,40,000 అయితే కంపెనీ ఇచ్చేది 1,50,000. మందులు, పరీక్షలకు ఈ కోత లేదు. ఎమ్మారై బిల్లు కూడా దాచండి. చాలా పాలసీలు చేరడానికి ముందు 30 రోజుల ఖర్చు ఇస్తాయి, మీకు ఇప్పటికే మూడు వారాలు గడిచాయి.

క్లెయిము తిరస్కరించినా, కొంత చేతి నుంచి పడినా, డిపాజిట్ రద్దు చేయకుండా దానిమీదే అప్పు తీసుకోండి. వడ్డీ డిపాజిట్ రేటు కంటే సాధారణంగా ఒకటి రెండు శాతమే ఎక్కువ. స్థలం జోలికి వెళ్ళవద్దు. ఆసుపత్రి అవసరానికి అమ్ముతున్నారని తెలిస్తే కొనేవారు చెప్పే ధర వేరుగా ఉంటుంది.

ఈలోగా మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. అడుగు తూలుతోందని డాక్టరుకు రేపే చెప్పి, రక్తంలో సోడియం పరీక్ష అవసరమా అని అడగండి. కార్బమజిపైన్‌తో అది పడిపోవడం ఉంది.