క్లయింటు నోరు విప్పకపోతే ముందు ఆ గదిని చూడండి

మీరు రాసింది ఇదీ: ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) మొదటి సంవత్సరం, విశాఖలో ఆరిలోవ వైపు ఫీల్డ్‌వర్క్. అంగన్‌వాడీ టీచర్ చెబితే ఒకావిడ ఇంటికి వెళ్ళారు, భర్త కొడతాడని అనుమానం. రెండోసారి వెళ్ళినప్పుడు ఇరవై నిమిషాలు కూర్చున్నా ఆవిడ ఏమీ చెప్పలేదు. అత్తగారు వంటింట్లో ఉన్నారు. మీరు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు, ఆవిడ తల ఊపుతూనే ఉన్నారు. తప్పు నాదేనా, ఇలాంటప్పుడు ఏం అడగాలి అన్నారు.

నేనూ ఆంధ్రా యూనివర్సిటీలోనే ఎం.ఎస్.డబ్ల్యూ. చేశాను. పద్నాలుగేళ్ళుగా విశాఖలోనే పని, ఎక్కువ కాలం ఆసుపత్రుల్లో. ఏం అడగాలో చెప్పే ముందు, ఒకే మనిషి దగ్గర నేను చేసిన రెండు తప్పులు చెప్తాను. ఆనవాళ్ళు మార్చాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. తాగుడు మాన్పించే వార్డులో ఇరవై రెండేళ్ళ అబ్బాయి, హార్బర్‌లో ఐసు మోసే పని. వాళ్ళమ్మతో మాట్లాడి కేసు హిస్టరీ రాయాలి. ఎప్పట్నుంచి తాగుతున్నాడు, డబ్బులెక్కడివి, ఇంట్లో ఇంకెవరికైనా అలవాటుందా అని ఫారంలో ఉన్నవన్నీ వరసగా అడిగేశాను. ఆవిడ "ఆఁ", "లేదమ్మా", "తెల్దమ్మా" తప్ప ఇంకేమీ అనలేదు. ఆవిడ ఆగిన ప్రతిసారీ నాకు టెన్షన్. నాకు పని రాదని బయటపడిపోతుందేమోనని వెంటనే ఇంకో ప్రశ్న వేసేదాన్ని. పావుగంటలో ఫారం నిండిపోయింది. మా సూపర్‌వైజర్ చదివి, "ఇందులో ఆవిడ మాట ఏదమ్మా?" అని అడిగారు. వెతికితే ఒక్క వాక్యం లేదు. ప్రశ్నలు నావే, జవాబులు కూడా నావే.

రెండు రోజుల తర్వాత ఫారం లేకుండా వెళ్ళి, వరండా చివర బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. అబ్బాయి పనికి వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల గురించి అడిగి ఊరుకున్నాను. ఆవిడ చేతిలో ఓపీ చీటీ ఉంది. దాన్ని సగానికి మడిచారు, మళ్ళీ సగానికి, ఇంక మడత పడనంత చిన్నదయ్యేదాకా. తర్వాత విప్పి మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేశారు. మళ్ళీ మడత. నేను ఆవిడ మొహం వైపు కాకుండా ఆ చీటీ వైపే చూస్తూ కూర్చున్నాను. అలా ఎంతసేపు గడిచిందో చెప్పలేను. నాలుగోసారి విప్పుతూ అన్నారు: "మొదట నానే ఇచ్చినానమ్మా. ఐసు మోసి సలికి ఒణికిపోతా ఒచ్చీవోడు. ఆళ్ళ నాన్నది సీసాలో ఉంటే ఓ గుక్కెడు పోసినాను, ఒళ్ళు నొప్పులు తగ్గుతాయని."

అప్పుడు చేశాను రెండో తప్పు. "అయ్యో, ఇందులో మీ తప్పేం లేదమ్మా" అనేశాను. ఆవిడ నా వైపు చూసి, "అంతేలెమ్మా" అని చీటీ రొంటిన దోపుకుని లేచి వెళ్ళిపోయారు. ఎన్నేళ్ళుగానో ఎవరికీ చెప్పని మాట ఆవిడ తెచ్చి నా ముందు పెడితే, దాన్ని ఒక్క క్షణం కూడా ఉండనివ్వలేదు నేను. ఓదార్పు ఆవిడ కోసమే అనుకున్నాను. కానీ వినలేకపోయింది నేను. "చలికి ఒణికిపోతూ వచ్చేవాడు" అని ఆవిడ మాటే మళ్ళీ అని ఆగి ఉంటే చాలు, ఇంకా చెప్పేవారేమో. మాట్లాడక ముందు వచ్చే మౌనం గురించి చాలామంది చెప్తారు. చెప్పేశాక వచ్చే మౌనంలోనే నేను ఎక్కువ పోగొట్టుకున్నాను.

ఇక మీ కేసు. ఆవిడ ఎందుకు మాట్లాడలేదో ఆవిడ మనసులో వెతికే ముందు గదిని చూడండి. అత్తగారు వంటింట్లో ఉంటే ఆ ఇంట్లో ఆవిడ చెప్పగలిగింది ఏముంది? మధ్యలో తలుపు కూడా ఉండి ఉండదు. అక్కడ తల ఊపి ఊరుకోవడం తెలివైన పని, తనని తాను కాపాడుకునే పని. ఆ మౌనాన్ని మీరు గౌరవించాలి.

మీ చేతిలో ఫైలు ఉందా? 2019లో వార్డు సచివాలయాలు వచ్చిన దగ్గర్నుంచి ఫైలు, ఫోను పట్టుకుని ఎవరొచ్చినా "సచివాలయం నుంచా?" అని అడుగుతారు. నోరు జారితే పింఛనో బియ్యం కార్డో పోతుందన్న భయం చాలా ఇళ్ళలో ఉంది. మీరెవరో, ఎందుకొచ్చారో, రాసింది ఎవరు చదువుతారో మొదటే చెప్పండి. పెన్ను పక్కన పెట్టేసి చెప్పండి.

భాష కూడా చూసుకోవాలి. పాడేరు, అరకు వైపు నుంచి పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ళలో ఆదివాసీ ఒడియానో కువీనో మాట్లాడేవాళ్ళుంటారు. ఒకసారి ఒక పెద్దాయన ఏమీ చెప్పకపోతే బాధతో అనుకుని ఎంతోసేపు ఓపిగ్గా కూర్చున్నాను. ఆయనకి నా తెలుగు సగం కూడా అర్థం కాలేదని పక్క మంచం వాళ్ళు చెప్పేదాకా తెలియలేదు.

ఇవేవీ కాకపోతే అప్పుడు ఆగండి. ఎంతసేపు అంటే, మనకి అనిపించే దానికంటే చాలా ఎక్కువసేపు. ఒకసారి గోడ గడియారం చూస్తే, నేను ఐదు నిమిషాలనుకున్నది నలభై సెకన్లు. నేనైతే నిదానంగా ఐదారుసార్లు ఊపిరి తీసి వదులుతాను. కళ్ళలోకి సూటిగా చూడను, కొంచెం పక్కకి తిరిగి కూర్చుంటాను. ఏడుస్తుంటే వెంటనే మంచినీళ్ళు ఇవ్వను. ఇక ఆపండి అన్నట్టు వినిపిస్తుంది కొందరికి. ఏడుపు కాస్త నెమ్మదించాక ఇస్తాను.

మాట అవసరమైతే చిన్నదే చాలు. "తొందరేం లేదమ్మా." "ఇది ఇప్పుడు వద్దంటే వదిలేద్దాం." "ఎందుకు మాట్లాడట్లేదు" అని మాత్రం అడక్కండి, పోలీసు స్టేషన్‌లో ఉన్నట్టు ఉంటుంది. "చెప్పండి, చెప్పండి" కూడా అంతే. సోషల్ వర్కర్‌కీ క్లయింటుకీ మధ్య సంబంధం ఎలా ఉండాలో బీస్టెక్ అనే రచయిత 1957లో చెప్పిన ఏడు సూత్రాలు మనమంతా పరీక్షకి కంఠస్థం చేసినవే. అందులో తన నిర్ణయం తనదే అన్న సూత్రంలో చెప్పకుండా ఉండే హక్కు కూడా ఉందని నాకు ఉద్యోగంలోకి వచ్చాకే ఎక్కింది.

ఒక్క చోట మాత్రం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే సూటిగా అడగాలి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" "ఈ రాత్రి ఇంట్లో ఉండటం మీకు భయంగా ఉందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకండి, అలా జరగదు. మహిళా హెల్ప్‌లైన్ 181, మానసిక సాయానికి టెలీ మానస్ 14416 మీకు నోటికొచ్చి ఉండాలి. ఆవిడ ఫోన్ భర్త చూస్తాడేమో కనుక్కోకుండా నంబరు రాసివ్వకండి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలైతే, లైంగిక వేధింపు సంగతి బయటపడితే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. అందుకే "ఎవరికీ చెప్పను" అని పిల్లలకి ముందే మాటివ్వకండి.

ఇంకొకటి, ప్రాసెస్ రికార్డింగ్‌లో, అంటే క్లయింటుతో జరిగిన సంభాషణని తర్వాత ఉన్నదున్నట్టు రాసేదాంట్లో, మనం మాటలే రాస్తాం. మౌనం కూడా రాయండి. ఏ ప్రశ్న తర్వాత ఆగారు, అప్పుడు చేతులు ఏం చేస్తున్నాయి, ముందు ఎవరు మాట్లాడారు. నా పాత రికార్డులు అలా తిరగేస్తే దాదాపు ప్రతిసారీ ముందు మాట్లాడింది నేనే.

ఈసారి ఆ ఇంటికి వెళ్ళకండి. పాపని అంగన్‌వాడీలో దింపడానికి ఆవిడ ఎలాగూ వస్తారు కదా, టీచర్‌తో మాట్లాడి అక్కడే ఒక మూల చోటు చూసుకోండి. భర్త సంగతి మీరు ఎత్తకండి. పోయినసారి అత్తగారు ఉండగా అడిగాను, అది నా పొరపాటు అని చెప్పండి. చెప్పి ఆగండి.