లాబ్రడార్‌కి ఆపరేషన్ చేయిస్తే కేసు వేస్తానంటున్నాడు

ప్రశ్న: మాది కడప సార్. మా ఆడ లాబ్రడార్ జున్నుని 2021లో మా ఆయన స్నేహితుడు (కర్నూలు) రెండు నెలల పిల్లగా డబ్బు తీసుకోకుండా ఇచ్చినాడు. పెద్దయినాక తన మగకుక్కతో ఒకసారి క్రాసింగ్ చేయించి రెండు పిల్లలు తనకివ్వాలన్నాడు, సరే అన్నాం. మొన్న హీట్ (ఎదకి రావడం) తర్వాత గర్భసంచిలో చీము పట్టి చచ్చి బతికింది, డాక్టరు ఆపరేషన్ చేయించేయమన్నాడు. మా పాపేమో ఒక్కసారి పిల్లలు పెట్టనిద్దాం అని ఏడుస్తాంది. ఆ స్నేహితుడేమో ఆపరేషన్ చేయిస్తే కేసు వేస్తా, కుక్క నాది అంటున్నాడు. మా ఆయన పాత తేదీతో స్టాంపు పేపరు రాయిద్దాం అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: పాప ఏడుపు గురించి రెండు పేజీలు రాసినారమ్మా, అది మీ ఇంట్లో తేల్చుకోండి. పిల్లలు పెట్టించాలా వద్దా అనేది డాక్టరు చెప్పాల్సిన మాట. నాకు పనికొచ్చేది మీరు చివర్లో పడేసిన ఒక్క ముక్క, కుక్క నాది అంటున్నాడు అన్నది. కేసంతా అక్కడే ఉంది.

చట్టం లెక్కలో కుక్క చరాస్తి. చరాస్తిని ఊరికే ఇచ్చేదానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికి అప్పగిస్తే చాలు, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 అదే చెప్తుంది. రెండు పిల్లలకి బదులుగా ఇచ్చినాడు అనుకున్నా కుక్క మీదే, మాట తప్పినారని ఆయన నష్టపరిహారం అడగొచ్చు అంతే, అదీ మహా అయితే రెండు పిల్లల ఖరీదు. జున్నుకి క్రాసింగ్ చేయించండి అని ఏ జడ్జీ ఆర్డరివ్వడు. కానీ ఆయన "నేను ఇయ్యలేదు, పెంచమని వదిలినా" అని అడ్డం తిరిగితే మీరు కాపలాదారులైపోతారు, ఆపరేషన్ చేయించి నా ఆస్తిని పాడుచేసినారు అంటాడు, నమ్మకద్రోహం అని స్టేషన్‌కి కూడా పోతాడు.

అందుకే సాక్ష్యం. వ్యాక్సిన్ కార్డు ఎవరి పేరున ఉంది? "యాడో పెట్టినాం, దొరకలేదు" అని రాసినారు. ఇన్నేళ్ళు పెంచి కార్డు పోగొట్టుకునేదేంది? పశువుల ఆసుపత్రికి పోయి రిజిస్టర్ చూపించమని అడిగి డూప్లికేట్ రాయించుకోండి, మందుల బిల్లులు, స్కాన్ రిపోర్టు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. కెన్నెల్ క్లబ్ కాగితం (కుక్క జాతి, వంశం నమోదు చేసేది) ఆయన దగ్గరే ఉందంటున్నారు, అది దస్తావేజు కాదు గానీ కోర్టులో ఆయన ముందు వేసేది అదే. వాట్సాప్‌లో "జున్ను ఇంక మీదే" అని ఆయన పెట్టిన మెసేజ్ ఉందన్నారే, అది బంగారం. డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చొద్దు, ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు, 2023 సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఆ మెసేజ్ మీ ఫోన్లోంచి ఉన్నదున్నట్టు తీసిందే అని చెప్పే సర్టిఫికెట్ కూడా వేయాలి.

ఇంక గడువు. మాట తప్పినందుకు దావా వేయాలంటే తప్పిన రోజు నుంచి మూడేళ్ళు. 2023లో ఆయన అడిగితే మీరు "ఈసారి వద్దు" అన్నారు, అది తిరస్కరణా, వాయిదానా అన్నదాని మీద వాదన నడుస్తుంది. ఆ తర్వాత కూడా "సారీ అన్నా, వచ్చే హీట్‌కి తప్పకుండా" అని మెసేజ్‌లు పెడుతూ వచ్చినారు చూడండి, అవతలి లాయరు అవి పట్టుకుని మీరు బాధ్యత ఒప్పుకున్నారు, గడువు మళ్ళీ మొదలయింది అంటాడు. ఈ పొద్దు నుంచి ఆయనకి ఒక్క మెసేజ్ కూడా పెట్టొద్దు.

స్టాంపు పేపరు సంగతి. ఆ ఆలోచన ఇప్పుడే మానుకోమనండి. స్టాంపు వెండరు రిజిస్టర్‌లో ఏ నంబరు పేపరు ఏ రోజు ఎవరికి అమ్మినాడో ఉంటుంది, ఆ ఒక్క పేజీ కోర్టుకి తెప్పిస్తే గెలిచే కేసు ఓడిపోవడం అటుంచి మీ ఆయన మీద ఫోర్జరీ కేసవుతుంది. నిజం మీ వైపు ఉన్నప్పుడు దొంగ కాగితం ఎందుకు?

ఆయనకీ ఒక చిక్కుంది. పిల్లల్ని అమ్ముకునేదానికి క్రాసింగ్ చేయించేవాళ్ళు 2017 కుక్కల పెంపకం నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాల, మగకుక్కతో కలిపేముందు ఆడకుక్క ఆరోగ్యంగా ఉందని వెటర్నరీ డాక్టరు రాసివ్వాల. ఇన్ఫెక్షన్ వచ్చిన జున్నుకి ఎవరు రాసిస్తారు? ఆయన లాయరు నోటీసు పంపితే జవాబులో రిజిస్ట్రేషన్ నంబరు అడగమని మీ లాయరుకి చెప్పండి.

ఈ వారంలో చేయాల్సింది, డాక్టరు నోటితో చెప్పిన మాట కాగితం మీద రాయించుకోండి, జబ్బు పేరు, ఆపరేషన్ ఎందుకు అవసరం, తేదీతో సహా. వీలైతే ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీలో రెండో అభిప్రాయం తీసుకోండి. కడప, కర్నూలు సివిల్ కోర్టులు రెండింటిలోనూ కేవియట్ అనే ముందస్తు అర్జీ వేయించండి, అప్పుడు మీ మాట వినకుండా ఆయన స్టే తెచ్చుకోలేడు, అది 90 రోజులే ఉంటుంది, అవసరమైతే మళ్ళీ వేయాలి. ఆ కాగితాలు చేతిలో పడినాక ఆపరేషన్ తేదీ పెట్టుకోండి, ఈలోపు మళ్ళీ చీము కనిపించిందంటే మాత్రం కేవియట్ కోసం ఆగొద్దు, రాత్రైనా సరే ఆసుపత్రికి తీసుకపోండి.