క్రిస్మస్ చెట్టుకు మొదట కట్టినవి ఆపిల్ పండ్లు

క్రిస్మస్ చెట్టు యూరప్‌లోని పాత వృక్షారాధన నుంచి వచ్చినదేనా, ఆ అలంకరణలకు అర్థమేమిటి అని మీరు అడిగారు. వృక్షారాధన నుంచి రాలేదన్నదే నా సమాధానం. చలికాలంలో పచ్చని కొమ్మలను ఇంటికి తెచ్చుకోవడం రోమన్లకూ అలవాటే కానీ, ఇంట్లో నిలబెట్టి అలంకరించే చెట్టు మాత్రం రైన్ నది లోయలోని క్రైస్తవ పట్టణాలలో, బైబిల్‌లోని ఆదాము హవ్వల ఏదెను తోట కథ నుంచి పుట్టిందని నేను గట్టిగా నమ్ముతాను.

జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో చదువుకునే రోజులలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు డిసెంబరు 24 మధ్యాహ్నం దాకా చెట్టును పెరట్లోనే ఉంచి, ఆ తరువాతే హాలులోకి తెప్పించారు. చిన్న ఎర్రని ఆపిళ్లను పొడిగుడ్డతో మెరిసేదాకా తుడిచి, ఒక్కొక్క తొడిమకు దారం చుట్టి ముడివేసి నాకు అందిస్తూ, బరువుకు కొమ్మ వంగిపోకుండా మానుకు దగ్గరగా కట్టమని చెప్పారు. ఈ పండ్లు ఎందుకని అడిగితే, వంటింటి క్యాలెండరులో ఆ తేదీ పక్కన అచ్చయిన "ఆదాము, హవ్వ" అన్న పేర్ల మీద వేలు పెట్టి చూపించారు. నాలుగున్నర దాటగానే చీకటి పడింది. రేకు క్లిప్పులతో కొమ్మలకు బిగించిన కొవ్వొత్తులను వెలిగించి, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని కూర్చున్నాము.

మధ్యయుగాలలో ఆదాము హవ్వల నాటకం ఆడేటప్పుడు, నడి చలికాలంలోనూ ఆకు రాలని ఫర్ చెట్టుకు ఆపిళ్లు కట్టి ఏదెను తోటగా చూపేవారు. రైన్ లోయలోని స్ట్రాస్‌బుర్గ్ పట్టణపు 1605 నాటి వర్ణనలో, ఇళ్లలో నిలిపిన ఫర్ చెట్లకు రంగుకాగితపు గులాబీలు, ఆపిళ్లు, పలుచని అప్పాలు, బంగారు రేకులు, మిఠాయిలు వేలాడదీశారని ఉంది. ఆదాము హవ్వలు తిన్న పండుగా ఆపిల్ పాపానికి గుర్తు, అప్పం దివ్యసత్ప్రసాదానికి, అంటే చర్చిలో క్రీస్తు శరీరంగా స్వీకరించే రొట్టెకు, గుర్తు. పతనాన్నీ రక్షణనూ ఒకే చెట్టు మీద చూపిన ఆ ఆలోచన నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. అంతకు ముందే, 1521లో, అదే లోయలోని సెలెస్టా పట్టణం పండుగ చెట్లను ఎవరూ నరుక్కుపోకుండా కాపలా కాసినందుకు అటవీ రక్షకులకు నాలుగు షిల్లింగులు చెల్లించినట్లు లెక్కల పుస్తకంలో రాసుకుంది.

క్రైస్తవ మత ప్రచారకుడు బోనిఫేస్ అన్యమతస్థులు పూజించే ఓక్ చెట్టును నరికితే అక్కడ ఫర్ మొక్క మొలిచి, అదే మొదటి క్రిస్మస్ చెట్టు అయిందని ప్రతి డిసెంబరులోనూ వాట్సాప్‌లో తిరిగే కథ నన్ను బాధపెడుతుంది. ఎనిమిదో శతాబ్దంలో ఆయన గైస్మార్ వద్ద ఓక్ చెట్టును నరికిన మాట నిజమే కానీ, విల్లిబాల్డ్ రాసిన జీవితచరిత్రలో ఆ కలపతో ప్రార్థనాలయం కట్టారని ఉందే తప్ప, అక్కడ ఫర్ మొక్క మొలిచిందని లేదు. చరిత్రను ఇలా అల్లి పంచేవారు ఒక్కసారైనా ఆ పుస్తకం తెరిచి చూడాలి.

పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలోని లౌషా గ్రామపు గాజు పనివారి చేతుల మీదుగా ఆపిల్ స్థానంలోకి గాజు గోళం వచ్చింది. ఇప్పుడు మన దుకాణాలలో అమ్మే ప్లాస్టిక్ చెట్లకు నీలం, వెండి రంగుల గోళాలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఎరుపు పోతే అర్థమూ పోతుందని నా అభిప్రాయం. గుంటూరు జిల్లాలోని మా ఇంట్లో సరుగుడు కొమ్మనే నిలబెడతాము. దాని సన్నని రెమ్మలు ఆపిల్ బరువును మోయలేవు కనుక, ఆ రోజులలోనే పండే ఎర్రని రేగుపళ్లను దారానికి గుచ్చి కడుతున్నాము.