85,000 కిలోమీటర్లు తిరిగిన కారులో గేర్‌బాక్స్ ఆయిల్ ఇప్పుడు మార్చవచ్చా?

మీ ఆటోమేటిక్ కారు 85,000 కిలోమీటర్లు తిరిగిందనీ, ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ ఇంతవరకు ఒక్కసారి కూడా మార్చలేదనీ రాశారు. అది జీవితకాలం మన్నే ఆయిల్ అని ఒక మెకానిక్, ఇన్నాళ్లు మార్చనిది ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ పోతుందని మరొక మెకానిక్ చెప్పారని, ఎవరి మాట వినాలో తెలియడం లేదని అడిగారు. గేర్లు జారకుండా సక్రమంగా పడుతున్నంతవరకు మార్చడమే మంచిదని నా అభిప్రాయం. అయితే మార్చాలా వద్దా అన్నదానికన్నా, ఎంత పోస్తున్నాం, ఏ వేడి మీద కొలుస్తున్నాం, ఏ రకం పోస్తున్నాం అన్నవే గేర్‌బాక్స్‌ను కాపాడినా పాడుచేసినా చేస్తాయి. ఇది నేను పొరపాటు చేసి తెలుసుకున్న విషయం.

నా పాత కారులో ట్రాన్స్‌మిషన్‌కు డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే గీతల కడ్డీ, ఉండేది. ఒకనాటి ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే దాన్ని తీసి చూస్తే, ఆయిల్ వేడి గీతకు (వేడెక్కిన ఆయిల్ ఉండవలసిన మట్టానికి) వేలెడు కిందుగా కనబడింది. తగ్గిపోయిందనుకుని దాదాపు అర లీటరు పోశాను. అదే రోజు గంటకు పైగా ప్రయాణించాక గేర్లు ఆలస్యంగా పడడం మొదలైంది, బానెట్ కింద నుంచి మాడు వాసన వచ్చింది. బండి ఆపి డిప్‌స్టిక్ తీస్తే, అప్పుడే పితికిన పాల మీద తేలినట్టుగా దాని పొడవునా లేత ఎరుపు నురగ అంటుకుని ఉంది. ఎక్కువైన ఆయిల్‌ను లోపల తిరిగే భాగాలు చిలకడంతో నురగ కట్టి, గాలి గొట్టం గుండా పైకి పొంగి, సైలెన్సర్ పైపు మీద పడి కాలిన వాసన అది. నురగలో గాలి ఉంటుంది, గాలి నొక్కితే అణిగిపోతుంది. అందుకే పంపు ఎంత నెట్టినా, గేర్లను పట్టి ఉంచే లోపలి క్లచ్‌లకు అందవలసిన ఒత్తిడి అందదు. ఆయిల్ తగ్గినప్పుడు కూడా పంపు గాలినే పీలుస్తుంది కనుక, ఎక్కువైనా తక్కువైనా చివరికి జరిగే నష్టం ఒకటే.

నిజానికి ఆ ఉదయం ఆయిల్ తగ్గనే లేదు. ఈ రకం ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది. ఎనిమిది లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరేసరికి లీటరులో మూడో వంతుకు పైగా పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు వేడి గీతతో పోల్చి చూడడమే నేను చేసిన పొరపాటు.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. కారును పదిహేను ఇరవై నిమిషాలు నడిపి, సమతలంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగానే బ్రేక్ మీద కాలు ఉంచి, లీవర్‌ను పి, ఆర్, ఎన్, డి స్థానాల్లో ఒక్కొక్కచోట రెండు మూడు సెకన్లు ఆపుతూ తిప్పి మళ్లీ పి లోకి తెస్తాను. ఆ తరువాత డిప్‌స్టిక్ తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, చివరిదాకా దించి మళ్లీ తీసి రెండు వైపులా చూస్తాను. గొట్టం గోడకు అంటిన ఆయిల్ ఒక వైపు ఎక్కువ చూపవచ్చు కనుక, తక్కువ చూపిన వైపునే లెక్కలోకి తీసుకుంటాను. అన్ని కార్లకూ ఇదే పద్ధతి వర్తించదు. ఉదాహరణకు, డిప్‌స్టిక్ ఉన్న హోండా కార్లలో చాలావాటికి వేడెక్కిన ఇంజిన్‌ను ఆపి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. మీ కారు పుస్తకంలో ఏది ఉంటే అదే పాటించండి.

మీ కారుకు డిప్‌స్టిక్ లేదన్నారు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఉండదు. వాటిలో కింద లేదా పక్కన ఆయిల్ మట్టం చూసే ఒక లెవెల్ ప్లగ్ ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా, స్కానర్‌లో (కారు కంప్యూటర్‌కు తగిలించి చదివే పరికరంలో) ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ, అది నిర్ణీత అంకెకు చేరినప్పుడు ఆ ప్లగ్ విప్పాలి. చాలా గేర్‌బాక్స్‌లలో ఆ అంకె 35, 45 డిగ్రీల మధ్య ఉంటుంది, మీ మోడల్‌ది సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి. ధారగా కారుతున్నది సన్నగిల్లి చుక్కలుగా మారగానే ప్లగ్ బిగించాలి. అసలేమీ కారకపోతే ఆయిల్ తక్కువగా ఉన్నట్టే. స్కానర్ లేకుండా, చేతికి తగిలే వేడిని బట్టి ఈ పని చేసేవారికి మాత్రం కారు అప్పగించకండి.

ఆయిల్ స్థితి తెలుసుకోవడానికి తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూడండి. శుభ్రమైన ఎర్ర ఆయిల్ సమంగా వ్యాపిస్తుంది. వాడిన కొద్దీ అది గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ ఒక్క కారణానికే కంగారు పడనక్కరలేదు. మధ్యలో నల్లని మచ్చ నిలిచి, మాడిన వాసన వస్తే మాత్రం క్లచ్ పలకలు కాలుతున్నాయని అర్థం. పాలు కలిసినట్టు పలుచని గులాబీ రంగు కనబడితే ఇక కారు నడపకండి. చాలా కార్లలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టాలు రేడియేటర్ లోపలే ఉంటాయి, అక్కడ పగులు వస్తే కూలెంట్ ఇందులో కలుస్తుంది.

ఇక ఆ ఇద్దరు మెకానిక్‌ల మాటలకు వస్తాను. జీవితకాలం అన్న మాటను నేను నమ్మను. ఎన్నో కంపెనీల కార్లకు గేర్‌బాక్స్‌లు తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే తన గేర్‌బాక్స్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమని సూచిస్తుంది. రెండో మెకానిక్ భయంలో కొంత నిజం ఉంది. అప్పటికే అరిగిపోయి జారుతున్న గేర్‌బాక్స్‌ను చివరి ప్రయత్నంగా తెచ్చి ఆయిల్ మార్పించుకునేవారు ఎక్కువ. కొత్త ఆయిల్ అరిగిన పలకలను తిరిగి పూడ్చలేదు కనుక కొద్ది రోజుల్లోనే బండి ఆగిపోతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. అందుకే మీ కారులో ఇంజిన్ మోత పెరుగుతున్నా వేగం పెరగకపోవడం వంటి లక్షణాలుంటే, ముందు స్కాన్ చేయించి కారణం తెలుసుకోండి.

ఆయిల్ మార్చేటప్పుడు మొదట విప్పవలసింది పోసే ప్లగ్, ఆ తరువాతే డ్రెయిన్ ప్లగ్. ఆయిలంతా కారిపోయాక పోసే ప్లగ్ తుప్పు పట్టి రాలేదంటే బండి కదల్చలేరు. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి వెళ్లకండి. నాలుగు వైపులా స్టాండ్‌ల మీద సమంగా నిలపండి, వాలుగా ఉంటే లెవెల్ కూడా తప్పు చూపుతుంది. కారిన ఆయిల్‌ను గీతలున్న డబ్బాలో పట్టి, చల్లారాక కొలిచి, సరిగ్గా అంతే కొత్తది పోయాలి. వేడి మీద కొలిస్తే పైన చెప్పిన వ్యాకోచం ఇక్కడా తప్పుదారి పట్టిస్తుంది.

మొదటిసారి పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పినప్పుడు లోపలి అయస్కాంతాలకు అంటిన బూడిద రంగు ముద్దను చూసి నా గుండె జారిపోయింది. వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా మెత్తగా ఉంది, ఎక్కడా గరుకు తగలలేదు. అది మామూలు అరుగుదల పొడి. వేలికి గుచ్చుకునే రజను గాని, మెరిసే పెచ్చులు గాని ఉంటేనే లోపల ఏదో విరుగుతున్నట్టు. అయస్కాంతాలు తుడిచి, ఫిల్టరు, గాస్కెట్, ప్లగ్ వాషర్ కొత్తవి వేసి, పాన్ బోల్టులను ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తో బిగించాను.

ఒకసారి కారిస్తే ఆయిలంతా రాదు. టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) కూలర్ గొట్టాలలోనూ సగానికి పైగా నిలిచిపోతుంది. నా కారులో ఎనిమిది లీటర్లకు 3.2 లీటర్లు మాత్రమే వచ్చింది, అంటే 40 శాతం. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడుపుతూ రెండోసారి చేస్తే కొత్త ఆయిల్ వాటా 64 శాతానికి, మూడోసారికి సుమారు 78 శాతానికి చేరుతుంది. చాలాకాలం మార్చని గేర్‌బాక్స్‌కు యంత్రం పెట్టి ఒత్తిడితో ఒకేసారి కడిగించడం కన్నా, ఈ నెమ్మది పద్ధతే నాకు నమ్మకం. పేరుకున్న మడ్డి ఒక్కసారిగా కదిలి వాల్వ్‌ల సన్నని దారుల్లో ఇరుక్కునే ప్రమాదం ఇందులో తక్కువ.

రకం విషయంలో రాజీ పడకండి. డెక్స్‌రాన్ 6, మెర్కాన్ ఎల్‌వీ, టయోటా డబ్ల్యూఎస్ అన్నీ ఎర్రగానే ఉంటాయి, కాని రంగు కలిసినంత మాత్రాన ఒకదానికి బదులు మరొకటి పోయకూడదు. ముందుగా మీది ఏ తరహా గేర్‌బాక్సో తెలుసుకోండి. సీవీటీకి (విడి గేర్లకు బదులు బెల్టుతో నడిచేది), డ్యూయల్ క్లచ్‌కు (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చేది) వేర్వేరు ఆయిల్‌లు ఉంటాయి. ఏఎమ్‌టీ (క్లచ్, గేర్లు యంత్రమే మార్చే రకం) అయితే లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే కనుక, నేను పైన చెప్పినదేదీ దానికి వర్తించదు.

మార్చిన రాత్రి కారు కింద ఒక అట్ట పరిచి, తెల్లారాక మరకలున్నాయేమో చూడండి. వంద కిలోమీటర్లు నడిచాక లెవెల్‌ను అదే ఉష్ణోగ్రత దగ్గర మరొకసారి చూసుకోండి. తీసిన పాత ఆయిల్‌ను మురుగు కాలువలో పోయకుండా, మూత ఉన్న డబ్బాలో నింపి, వాడిన ఇంజిన్ ఆయిల్ సేకరించేవారికి ఇవ్వండి.