పక్కన నాన్న ఉంటే ‘ఏ’ సినిమా చూపించొచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు. పోయిన ఆదివారం మా పన్నెండేళ్ల వాడి గోల పడలేక ఒక క్రైమ్ థ్రిల్లర్‌కి తీసుకెళ్లాను. ‘ఏ’ సినిమానే, అయినా గేటు దగ్గర ఎవరూ వయసు అడగలేదు. లోపల ఒకటే నరుకుడు. అప్పటి నుంచి వాడు రాత్రిపూట లైటు ఆర్పనివ్వడం లేదు, మా ఆవిడ నన్ను తిడుతోంది. తప్పు నాదేనా?

జవాబు: సగం మీదే సార్, ఏమీ అనుకోకండి. ‘ఏ’ అంటే 18 నిండనివాళ్లకు ప్రవేశం లేదని, పక్కన నాన్న ఉన్నా సరే. ఆపకపోవడం థియేటర్ వాళ్ల తప్పు, కానీ మీకు ముందే తెలుసు కదా! ‘యూఏ’ అయితే నిర్ణయం పెద్దవాళ్లది, 2024లో దాన్ని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు కాబట్టి టికెట్ కొనేముందే ఆ అంకె చూసుకోండి.

ఇక బాబు సంగతి. “మగపిల్లాడివి, భయమేంట్రా” అని మాత్రం అనకండి. లైటు కొన్నాళ్లు వెలగనివ్వండి, కరెంటు బిల్లు ఎంతొస్తుందిలే. ఏ సీను గుర్తొస్తోందో వాడినే చెప్పమని, మధ్యలో అడ్డుపడకుండా వినండి, ఆ తర్వాత సినిమా రక్తం చాలావరకు చక్కెర పాకంలో రంగు కలిపి చేసేదేనని, మన కొండారెడ్డి బురుజు దగ్గర హీరో చేతిలో తన్నులు తిన్న రౌడీలంతా కట్ చెప్పగానే లేచి టీ తాగి ఉంటారని చెప్పండి, నవ్వుతాడు. రెండు మూడు వారాలైనా నిద్ర కుదురుకోకపోతే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

మీ ఆవిడ కోపానికి మాత్రం మా దగ్గర మందు లేదు.