బ్యాంకు సైటు రాదు, క్రికెట్ స్కోరు మాత్రం వస్తుంది!

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఒకే బాపతు. నెట్ ఉంది, కొన్ని సైట్లు చక్కగా వస్తున్నాయి, తాళం గుర్తు ఉండే సైట్లలో కొన్ని మాత్రం మొండికేస్తున్నాయి. జవాబులకు ముందు ఒక మనవి. ‘సైటు రావడం లేదు’ అని మాత్రమే రాస్తే మాకు అందేది ఏమీ ఉండదు. తెర అడుగున చిన్న అక్షరాల్లో ఎర్రర్ అంటూ ఒక కోడ్ కనిపిస్తుంది, దాన్ని ఉన్నదున్నట్టు రాయండి. కోడేమీ రాకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంటే ఆ మాటే రాయండి. ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

ప్ర: మాది పాత డెస్క్‌టాప్, విండోస్ 10. పొద్దున్నే ఆన్ చేస్తే బ్యాంకు సైటు, మెయిలు రెండూ ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అంటాయి. తేదీ సరిచేస్తే ఆ పూటకి బాగుంటుంది. మర్నాడు మళ్లీ మొదటికే. వైరస్ అంటారా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జ: వైరస్ కాదండీ, మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయింది. రాత్రి స్విచ్‌బోర్డు దగ్గర కరెంటు ఆపేసే అలవాటు మీకు ఉండే ఉంటుంది. కంప్యూటర్ షట్‌డౌన్ అయినా ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) నుంచి వచ్చే కాస్త విద్యుత్తుతో లోపలి గడియారం నడుస్తుంది. ప్లగ్‌లో కరెంటు పోయాకే ఆ సెల్ వంతు. అది నిండుకుంటే గడియారం బోర్డు తయారైన ఏడాదికో, ఇంకెక్కడికో పోతుంది.

తాను అసలుదేనని రుజువుగా సైటు చూపించే సర్టిఫికెట్ మీద ‘ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుంది’ అని ఉంటుంది. మీ కంప్యూటర్ లెక్కలో ఆ రోజు ఇంకా రాలేదు. అందుకే నమ్మనంటోంది. గడియారం ఏళ్లకేళ్లు వెనక్కి పోతే తాళం ఉన్న సైట్లన్నీ ఆగిపోతాయి. మూడు వారాలే వెనకబడితే ఈ మూడు వారాల్లో సర్టిఫికెట్ మార్చుకున్న సైట్లే ఆగుతాయి, మిగతావి వస్తాయి. ‘కొన్నే రావడం లేదు’ అనేవాళ్లు చాలామంది ఇక్కడే తికమక పడతారు. తేదీ, నెల సరిగానే ఉన్నాయనుకుని ఏడాది చూడరు. మూలన ఉన్న గడియారం మీద మౌస్ పెట్టి ఏడాది కూడా చదవండి.

కొనాల్సింది సీఆర్2032, 3 వోల్టుల లిథియం సెల్. దుకాణంలో సీఆర్2025 ఇచ్చి ‘ఇదీ అదే’ అంటే తీసుకోకండి. దాని మందం 2.5 మి.మీ., మీకు కావలసింది 3.2 మి.మీ. పలచటిది పెడితే వదులుగా ఉండి నెల తిరక్కుండా మళ్లీ ఇదే గోల. మల్టీమీటర్ ఉంటే పాత సెల్ చూడండి, 2.8 వోల్టుల కంటే తగ్గితే మార్చేయాలి.

సెల్ తీసేముందు ఒక పని మరవకండి. కంప్యూటర్ ఆన్ చేసి డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కుతూ బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే అమరికల తెర) వెళ్లి, బూట్ వరుస, శాటా మోడ్ (హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఉన్న పేజీలను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సెల్ తీస్తే పాత బోర్డుల్లో ఈ అమరికలు చెరిగిపోతాయి. శాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిందంటే విండోస్ లేవదు. సెల్ మార్చబోయి హార్డ్‌డిస్క్ పోయిందని కంగారుపడేది ఇందుకే. తర్వాత ప్లగ్ పీకేసి, పవర్ బటన్ అయిదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. సెల్ పక్కన చిన్న ఇనుప కొక్కెం ఉంటుంది. దాన్ని సన్నటి స్క్రూడ్రైవర్‌తో పక్కకి నెడితే సెల్ దానంతటదే పైకి లేస్తుంది. స్క్రూడ్రైవర్‌ను సెల్ కింద పెట్టి పెకలించొద్దు, కొక్కెం విరిగితే వేరే బోర్డే గతి. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి.

‘ఆటోమేటిక్ టైమ్ పెట్టినా ఎందుకు సరికాలేదు?’ అని అడుగుతారేమో. ఇంటి కంప్యూటర్లలో విండోస్ టైమ్ సర్వీసుకు మామూలుగా 54,000 సెకన్లు, అంటే 15 గంటలు హద్దు. తేడా అంతకు మించితే సర్దదు. ముందు తేదీ చేత్తో దగ్గరగా పెట్టి, ఆపైన ‘సింక్ నౌ’ నొక్కండి.

ప్ర: విండోస్ 7 వాడుతున్నాను. కొన్ని సైట్లు ఫైర్‌ఫాక్స్‌లో వస్తాయి, పాత క్రోమ్‌లో, ఎక్స్‌ప్లోరర్‌లో రావు. తేదీ సరిగ్గానే ఉంది. ఒకే కంప్యూటర్‌లో ఈ తేడా ఏమిటి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జ: ఎవరిచ్చిన సర్టిఫికెట్లను నమ్మాలనే జాబితా ఫైర్‌ఫాక్స్ సొంతంగా వెంట తెచ్చుకుంటుంది. ఎక్స్‌ప్లోరర్, పాత క్రోమ్ మాత్రం విండోస్ దగ్గరున్న జాబితా అడుగుతాయి. మీ విండోస్ జాబితా పాతబడింది.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తుంది. చిన్న సైట్లు ఎన్నో దాని మీదే నడుస్తున్నాయి. మొదట్లో అది డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ (మిగతా సర్టిఫికెట్లకు పూచీపడే మూల సర్టిఫికెట్) ఆసరాతో నిలబడింది. ఆ రూట్ గడువు 2021 సెప్టెంబర్ 30న తీరిపోయింది. ఇప్పుడు దాని సొంత రూట్ ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1. విండోస్ తనకు తెలియని రూట్ ఎదురైతే మైక్రోసాఫ్ట్ నుంచి అప్పటికప్పుడు తెచ్చుకోగలదు, కానీ అప్‌డేట్లను పూర్తిగా ఆపేసిన మిషన్లలో ఆ దారి కూడా మూసుకుపోతుంది. ‘స్పీడ్ పెంచే’ సాఫ్ట్‌వేర్లు గొప్పగా చేసే పని ఇదే.

ఫైర్‌ఫాక్స్‌తోనే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి సైటుకు వెళ్లి ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 ఫైలును డీఈఆర్ రూపంలో దించుకోండి. ఇంకెవరో పంపినది వద్దు. రూట్ చేర్చడమంటే ఇంటి తాళంచెవి ఇవ్వడమే. ఫైలు తెరిస్తే గడువు 2035 జూన్ 4 అని కనిపించాలి. ‘ఇన్‌స్టాల్ సర్టిఫికెట్’ నొక్కాక ‘ఆటోమేటిక్’ అన్నది వదిలేసి, ‘ప్లేస్ ఆల్ సర్టిఫికెట్స్ ఇన్ ద ఫాలోయింగ్ స్టోర్’ ఎంచుకుని, బ్రౌజ్‌లో ‘ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్’ చూపించండి. ఆటోమేటిక్‌కి వదిలేస్తే అది వేరే అరలో పడొచ్చు, అప్పుడు వేసినా వేయనట్టే.

ఆ తర్వాత ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ చివరికంటా దిగి, ‘యూజ్ టీఎల్ఎస్ 1.2’ దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. టీఎల్ఎస్ అంటే సైటుతో గుట్టుగా మాట్లాడే పద్ధతి, దాని పాత రకాలు 1.0, 1.1లను సైట్లు వదిలేశాయి.

ఇదంతా తాత్కాలికమే. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. దాని మీద నడిచే చివరి క్రోమ్ 109, చివరి ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్. ఈ మిషన్ మీద డబ్బు లావాదేవీలు చేయకపోవడమే మేలు. 4 జీబీ ర్యామ్ ఉంటే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ వేసి చూడండి.

ప్ర: కొత్తగా ఫైబర్ పెట్టించుకున్నాం. గూగుల్, యూట్యూబ్ వస్తాయి. రెండు మూడు సైట్లు మాత్రం ఎర్రర్ కూడా లేకుండా తిరుగుతూనే ఉంటాయి. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే అవే సైట్లు క్షణాల్లో వస్తాయి. కంపెనీవాళ్లను అడిగితే స్పీడ్ టెస్ట్ చేసి బాగానే ఉందంటున్నారు.
— ఒక పాఠకుడు, విజయనగరం

జ: హాట్‌స్పాట్ పెట్టి చూడటం చాలా మంచి పని. కంప్యూటర్ తప్పేమీ లేదని దాంతో తేలిపోయింది. తప్పు దారిలో ఉంది, స్పీడ్ టెస్ట్‌కు అది దొరకదు.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కలిసే ఫైబర్ కనెక్షన్లు ఎక్కువగా పీపీపీఓఈ పద్ధతిలో ఉంటాయి. నెట్‌లో సమాచారం ప్యాకెట్లనే ముక్కలుగా వెళ్తుంది, మామూలు ప్యాకెట్ పెద్దదైతే 1500 బైట్లు. పీపీపీఓఈ తన గుర్తు కోసం అందులో 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేది 1492. రైల్వే బ్రిడ్జికి ముందు ఎత్తు కొలిచే ఇనుప కమ్మీ చూసే ఉంటారు. ఎత్తు ఎక్కువైన లారీని అక్కడే ఆపి వెనక్కి పంపాలి. ఇంటర్నెట్‌లో ‘ఇది పట్టదు, చిన్నది చేసి పంపు’ అని కబురు పెట్టే ఏర్పాటు ఉంది. కొందరు సర్వర్‌వాళ్లు ఫైర్‌వాల్‌తో ఆ కబురును కూడా అడ్డుకుంటారు. సర్వర్ పెద్ద ప్యాకెట్ పంపుతూనే ఉంటుంది, అది మీ దాకా రాదు, ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. సురక్షిత సైట్లలోనే ఇది బయటపడటానికి కారణం ఉంది. మొదటి పలకరింపు చిన్న ప్యాకెట్, అది పోతుంది. జవాబుగా వచ్చే సర్టిఫికెట్ల మూట మాత్రం నిండు ప్యాకెట్లలో వస్తుంది. ఆగేది అక్కడే.

పరీక్ష చేద్దాం. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషులో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి హైఫన్ ఎఫ్, ఖాళీ వదిలి హైఫన్ ఎల్, ఖాళీ వదిలి 1472, మళ్లీ ఖాళీ వదిలి 1.1.1.1 అని కొట్టండి. రెండోది చిన్నబడి ఎల్, అంకె ఒకటి కాదు. ఆ 1472కు శీర్షికల 28 బైట్లు కలిస్తే 1500. రిప్లై వస్తే ఈ జబ్బు కాదు. ‘ప్యాకెట్ నీడ్స్ టు బి ఫ్రాగ్మెంటెడ్’ అంటే దారి ఇరుకే, కానీ కబురు అందుతోంది. ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అంటే దారీ ఇరుకే, కబురూ లేదు. ఇప్పుడు 1464 పెట్టి చూడండి. రిప్లై వస్తే మీ హద్దు 1492. రాకపోతే పదేసి తగ్గిస్తూ పోయి, వచ్చిన అంకెకు 28 కలపండి.

రౌటర్ పేజీలో వాన్ (బయటి నెట్) అమరికల్లో ఎంటీయూ అని ఉంటుంది, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజు. అక్కడ ఆ అంకె వేసి సేవ్ చేసి రౌటర్ తిరిగి ఆన్ చేయండి. ఎంఎస్ఎస్ క్లాంపింగ్ అనే టిక్ కనిపిస్తే అదీ పెట్టండి. అది ఉంటే రౌటరే సర్వర్లకు ‘1452 కంటే పెద్ద ముక్క పంపొద్దు’ అని ముందే చెప్పేస్తుంది, ఇంట్లో ప్రతి ఫోనూ బాగుపడుతుంది. రౌటర్ పాస్‌వర్డ్ కంపెనీవాళ్ల దగ్గరే ఉంటే ‘ఎంటీయూ 1492, ఎంఎస్ఎస్ క్లాంప్ పెట్టండి’ అని ఈ మాటల్లోనే అడగండి. ‘నెట్ స్లో’ అన్నారంటే మళ్లీ స్పీడ్ టెస్టే చేస్తారు.

ప్ర: అమ్మానాన్నల ల్యాప్‌టాప్ డల్లాస్‌కు తెచ్చుకున్నాం. టైమ్ ఇక్కడిదే పెట్టాను. ఫైర్‌ఫాక్స్‌లో కొన్ని సైట్లు ‘ఓసీఎస్‌పీ ఫ్యూచర్ రెస్పాన్స్’ అని ఆగుతున్నాయి.
— ఒక పాఠకురాలు, డల్లాస్

జ: టైమ్ మార్చారు, టైమ్‌జోన్ మార్చలేదు. జోన్ భారతదేశానిదే ఉంచి ముళ్లు మాత్రం వెనక్కి తిప్పితే కంప్యూటర్ లెక్కలో ప్రపంచమంతా వేసవిలో 10.30 గంటలు, చలికాలంలో 11.30 గంటలు వెనకబడుతుంది. సర్టిఫికెట్ ఇంకా చెల్లుతుందని ఈ ఉదయం తయారైన ధ్రువీకరణ (ఓసీఎస్‌పీ రెస్పాన్స్ అంటే అదే) దానికి రేపటిదిలా కనిపిస్తుంది. జోన్‌ను సెంట్రల్ టైమ్‌కు మార్చి సింక్ కొట్టండి, చాలు.

ప్ర: తాళం గుర్తు నొక్కి చూస్తే ప్రతి సైటుకూ సర్టిఫికెట్ ఇచ్చింది మా యాంటీవైరస్ అని ఉంది! దాని గడువు పోయిన నెలే అయిపోయింది. అప్పటినుంచే సైట్లు సరిగ్గా రావడం లేదు.
— ఒక పాఠకుడు, గుంటూరు

జ: సరైన చోటే చూశారు. కొన్ని యాంటీవైరస్‌లు సురక్షిత సైట్లను కూడా తనిఖీ చేయడానికి మధ్యలో కూర్చుని, సైటు సర్టిఫికెట్ తీసేసి తమది అంటిస్తాయి. దాని అమరికల్లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఆపేయండి. గడువు తీరింది కాబట్టి పూర్తిగా తీసేసినా నష్టం లేదు. విండోస్ డిఫెండర్ దానంతటదే పని అందుకుంటుంది. తీసేశాక కూడా సైట్లు రాకపోతే ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ నడపండి, మామూలు అన్‌ఇన్‌స్టాల్ కొన్ని తోకలు వదిలేస్తుంది.

తాళం నొక్కినప్పుడు మీరు వేయని పేరేదైనా కనిపిస్తే మాత్రం ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పని ఆపేయండి. 2014లో కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో ముందే వేసి అమ్మిన సూపర్‌ఫిష్ అనే సాఫ్ట్‌వేర్ ఇలాగే మధ్యలో కూర్చుంది, అదీ ప్రకటనలు చూపించడానికి. అన్ని ల్యాప్‌టాప్‌లకూ దాని రహస్య తాళంచెవి ఒక్కటే కావడంతో అది దొరికినవాళ్లెవరైనా దొంగ బ్యాంకు సైటు చూపించగలిగేవాళ్లు.

ప్ర: ఒక సైటు ఏ కంప్యూటర్‌లోనూ, ఏ నెట్ మీదా రావడం లేదు. ‘సర్టిఫికెట్ ఎక్స్‌పైర్డ్’ అంటోంది. ‘ప్రొసీడ్’ నొక్కొచ్చా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జ: పాస్‌వర్డో, ఆధార్ నంబరో ఇవ్వాల్సిన చోటైతే నొక్కకండి. ఇది మీ ఇంటి లోపం కాదు, సర్టిఫికెట్ మార్చడం సైటువాళ్లు మరిచారు. ముందుముందు ఇది ఎక్కువే కావచ్చు. ఒక సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 2020 సెప్టెంబర్ నుంచి 398 రోజులు. దాన్ని 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027లో అదే తేదీ నుంచి 100కు, 2029లో 47కు కుదించాలని నిర్ణయించారు. చేత్తో మార్చుకునే ఆఫీసులు తరచూ తేదీ తప్పుతాయి. వాళ్ల హెల్ప్‌డెస్క్‌కు ఎక్స్‌పైర్డ్ అన్న పేజీ ఫొటో తీసి పంపండి, సర్టిఫికెట్ మీది ఆఖరి తేదీ కూడా అందులో కనిపించేలా.